గుమ్మం దగ్గర మూడు జతల బూట్లు: విన్నిపెగ్‌లో ఒక తెలుగు కుటుంబం మొదటి ఏడాది

కెనడాలోని మానిటోబా రాష్ట్రం, విన్నిపెగ్ నగరంలో కొత్తగా దిగిన కుటుంబాలతో పనిచేసే సెటిల్మెంట్ కౌన్సిలర్ని నేను. 2024 నవంబరు చివర్లో పర్మనెంట్ రెసిడెంట్లుగా వచ్చిన ఒక తెలుగు కుటుంబం కేసు ఇది. వాళ్ల అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను.

తెలుగు సంఘాల్లో వాలంటీర్లుగా కొత్తవాళ్లకు సాయం చేసేవాళ్లు ఇది చదవాలని నా కోరిక. మనం సాయం అనగానే ఇంటాయన ఉద్యోగం దగ్గర మొదలుపెడతాం. రెజ్యూమె ఎవరికి పంపాలి, ఏ కంపెనీలో మనవాళ్లున్నారు, అక్కడే ఆగిపోతాం. నా అనుభవంలో ఒక కుటుంబం కుదురుకునే వేగం ఆ ఇంట్లో అందరికంటే చివర గుమ్మం దాటే మనిషిని బట్టి ఉంటుంది. ఆ మనిషి ఎవరో ముందు కనుక్కోవాలి. ఈ కేసులో ఆ మనిషి ఇంటావిడ.

కుటుంబం

ఆయన సివిల్ ఇంజినీరు, 38 ఏళ్లు. ఊరు తూర్పు గోదావరి వైపు. పదేళ్లకు పైగా హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ల సైట్ల మీద పనిచేశారు. ఆవిడ బీఫార్మసీ చదివి ఒక ఆసుపత్రి ఫార్మసీలో ఉద్యోగం చేసేవారు, రెండో కాన్పు తర్వాత మానేశారు. పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు మూడేళ్లు.

ఇల్లు ఇండియాలో ఉండగానే వాట్సాప్‌లో మాట్లాడుకుని ఖాయం చేసుకున్నారు. ఒక తెలుగువారి ఇంటి బేస్‌మెంట్, నెలకు 1,150 డాలర్లు. దిగిన రెండు వారాల్లో ఆయనకు వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్టు దొరికింది, గంటకు 17 డాలర్లు. అప్పటికి మానిటోబాలో కనీస వేతనం 15.80. పాపను దగ్గర్లోని స్కూల్లో నాలుగో గ్రేడ్‌లో చేర్చారు.

కాగితం మీద చూస్తే అంతా బాగానే ఉంది. సోషల్ ఇన్సూరెన్స్ నంబర్లు వచ్చాయి, హెల్త్ కార్డుకి అప్లై చేశారు, బ్యాంకు ఖాతా తెరిచారు. ఆయన మా ఆఫీసుకి వచ్చింది ఒకే పని మీద: ఇంజినీరు లైసెన్సుకి దారేమిటో తెలుసుకుందామని. మాటల మధ్యలో, "మా ఆవిడకి ఇక్కడ పడట్లేదండీ, ఎప్పుడూ పడుకునే ఉంటోంది. చలి కదా, అలవాటవుతుందిలెండి" అన్నారు.

ఆ మాట పట్టుకుని నేను ఇంటికి వస్తానన్నాను. లైసెన్సు గురించి చెప్పాల్సింది ఫోన్లోనూ చెప్పొచ్చు. ఇంట్లో మనిషి ఎలా ఉందో ఫోన్లో తెలియదు.

ఇంట్లో కనిపించినవి

బేస్‌మెంట్ మెట్లు దిగగానే తలుపు పక్కన రబ్బరు ట్రే ఉంది. ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, బూట్లకు అంటిన మంచు కరిగి నేల పాడవకుండా. అందులో ఆయన పనికి వేసుకెళ్లే బరువైన బూట్లు, పాప స్కూల్ బూట్లు, బాబు చిన్న బూట్లు ఉన్నాయి. మూడే జతలు. ఆవిడవి ఎక్కడా అని చూస్తే పక్కన గోడవారగా హైదరాబాద్‌లో కొన్న స్పోర్ట్స్ షూ కనిపించాయి, పైన మెష్ గుడ్డ ఉండే రకం. వాటి అడుగున మట్టి మరక కూడా లేదు.

జాకెట్లు లెక్కపెడితే అదీ అంతే. ఆయనకు మంచి పార్కా, పిల్లలకు ఎవరో ఇచ్చిన స్నో సూట్లు. ఆవిడకు విమానం ఎక్కేటప్పుడు వేసుకున్న పల్చటి జాకెట్ ఒక్కటే. "బయటికెళ్లేది ఆయనా, పాపా. నాకెందుకు మేడం, దండగ" అన్నారు ఆవిడ. మన ఇళ్లలో ఆడవాళ్లు ఈ మాట ఎంత తేలిగ్గా అంటారో మీకు తెలుసు.

ఆ ఇంటి కిటికీ బేస్‌మెంట్ కిటికీ, నేలమట్టానికి కాస్త పైన చిన్నగా ఉంటుంది. సగం దాకా మంచు పేరుకుని ఉంది. అద్దం లోపలి వైపు కింది అంచున వేలెడు మందం ఐసు కట్టింది. పక్క గోడ మూలన నల్లటి బూజు మొదలైంది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, గదిలో తాడు కట్టి బట్టలు ఆరేశారు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపేసి ఉంది. ఆ తేమంతా వెళ్లడానికి దారి లేక చల్లటి అద్దం మీద నీరై, అక్కడే గడ్డకడుతోంది.

తల పైకెత్తితే స్మోక్ అలారం మూత తెరిచి ఉంది, బ్యాటరీ లేదు. ఏమిటని అడిగితే పోపు పెట్టిన ప్రతిసారీ మోగుతోందట. పైన ఇంటివాళ్లు కిందికి దిగొచ్చి కోప్పడ్డారట. అందుకని ఆయన బ్యాటరీ తీసేశారు, ఆవిడ పోపు పెట్టడమే మానేశారు. ఉత్త పప్పు, పెరుగన్నంతో నెట్టుకొస్తున్నారు.

బ్యాటరీ ఆ రోజే పెట్టించాను. ఈ విషయంలో మొహమాటానికి తావు లేదు. చలికాలమంతా ఇల్లు వేడిచేసే ఫర్నేస్ నడిచే ఇల్లు, పడకలు బేస్‌మెంట్లో, బయటికి దారి ఒక్కటే. అలారం లేకుండా పిల్లల్ని అక్కడ పడుకోబెట్టకూడదు. పోపుకి దారులున్నాయి. నూనె వేడెక్కకముందే ఫ్యాన్ వేయాలి, చిన్న మూకుడులో మూత దగ్గర పెట్టుకుని పెట్టాలి, అయ్యాక పావుగంట ఫ్యాన్ అలాగే తిరగనివ్వాలి. బట్టలు గదిలో కాకుండా డ్రయ్యర్లో వేయాలి. ఆ ఇంట్లో డ్రయ్యర్ వాడుకోవచ్చని ఒప్పందంలోనే ఉంది, అడగడానికి మొహమాటపడ్డారు. రెండు వారాల్లో కిటికీ అద్దం పొడిగా మారింది. ఆవిడ మళ్లీ చారు పోపు పెట్టారు.

చివరికి చెప్పిన సంగతి

బూట్లు లేకపోవడం పైకి కనిపించే కారణం. కొనిస్తే అయిపోయేదైతే ఇది కేసే కాదు. ఆవిడ ఇల్లు కదలకపోవడానికి అసలు సంగతి మెల్లగా బయటపడింది, అదీ ఆయన నిద్రలో ఉన్న ఒక మధ్యాహ్నం. అప్పటికి నన్ను మేడం అనడం మానేసి అక్కా అంటున్నారు.

డిసెంబరు మొదట్లో ఒక రోజు పాలు అయిపోయాయి. ఆయన డ్యూటీకి బయల్దేరిపోయారు. బాబు నిద్రపోతున్నాడు. తొమ్మిదేళ్ల పాపను తమ్ముడికి కాపలా పెట్టి ఆవిడ మూల మీద షాపుకి వెళ్లొచ్చారు. పావుగంట పని. తిరిగొచ్చేసరికి బాబు లేచి ఏడుస్తున్నాడు, పైనుంచి ఇంటి ఓనరు దిగొచ్చి ఉన్నారు. "ఇక్కడ పిల్లల్ని ఒంటరిగా వదిలితే పోలీసులు వచ్చి తీసుకుపోతారు, తెలుసా?" అన్నారట. ఆ తర్వాత ఆవిడ మళ్లీ గుమ్మం దాటలేదు. భర్తకు చెప్పలేదు. రాత్రిళ్లు పైన అడుగుల చప్పుడైతే లేచి కూర్చునేవారు. "వాళ్లు వస్తే నేనేం చెప్పను అక్కా, నాకు ఇంగ్లీషులో మాట కూడా రాదు" అని ఏడ్చారు.

చట్టం ఏమంటుందో ఆవిడకి తెలుగులో, నెమ్మదిగా చెప్పాను. మానిటోబాలో 12 ఏళ్లలోపు బిడ్డను సరైన ఏర్పాటు లేకుండా ఒంటరిగా వదలకూడదు. ఇది నిజమే, తేలిగ్గా తీసుకోకూడదు. పాప వయసు తొమ్మిది కాబట్టి తమ్ముడి బాధ్యత పాపకు అప్పగించడం కుదరదు. అలాగని ఒక్క పావుగంటకి పిల్లల్ని తీసుకుపోవడమూ మామూలుగా జరగదు. ఇక్కడి చట్టం కుటుంబానికి ముందు సాయం అందాలనే అంటుంది, బిడ్డను ఇంటి నుంచి తీసుకెళ్లడం చివరి దారి. మన వాట్సాప్ గ్రూపుల్లో ఈ సంగతి సగమే తిరుగుతుంది, భయపెట్టే సగం. కొత్తగా వచ్చిన తల్లులు ఎందరో ఇదే భయంతో పిల్లలకు దెబ్బ తగిలినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లకుండా దాస్తారు. అది ఇంకా ప్రమాదం.

ఆయనకు కూడా ఆ సంగతి తెలియాలి, మీరు చెబుతారా నేను చెప్పనా అని అడిగాను. తానే చెప్పారు. ఆయన కోప్పడలేదు. "ఇన్నాళ్లూ ఇది మోసుకుంటూ కూర్చున్నావా" అన్నారట.

నేను డాక్టర్ని కాను కాబట్టి ఆవిడకున్నది డిప్రెషనా కాదా అని నేను తేల్చలేదు. కానీ నిద్ర, ఆకలి, ఏడుపు, కర్టెన్లు వేసుకుని చీకట్లో ఉండడం, ఇవన్నీ డాక్టరు చూడాల్సినవి. "పిచ్చి అనుకుంటారు" అని ఆవిడ వెనకాడారు. రక్తపరీక్షలకని చెప్పి తీసుకెళ్లడం నాకిష్టం లేదు. ఉన్నదున్నట్టు చెప్పి, ఒప్పుకున్నాకే తీసుకెళ్లాను. విటమిన్ డి తక్కువ, ఐరన్ కూడా తక్కువ అని తేలింది. మందులు ఇచ్చారు, మనసు సంగతి కూడా డాక్టరు విడిగా మాట్లాడారు, మళ్లీ రమ్మన్నారు.

విటమిన్ డి సంగతి మనవాళ్లందరూ తెలుసుకోవాలి. విన్నిపెగ్ దాదాపు 50 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, హైదరాబాద్ 17 మీద. డిసెంబరు చివర్లో అక్కడ 11 గంటల పగలుంటే ఇక్కడ 8 గంటలే. ఆ ఎండ కూడా ఏటవాలుగా పడుతుంది, చర్మంలో విటమిన్ డి తయారుకావడానికి చాలదు. మన రంగు చర్మానికి ఇంకా ఎక్కువ ఎండ కావాలి. పైగా ఒళ్లంతా కప్పుకునే ఉంటాం.

ఏ వరుసలో ఏం చేశాం

మామూలుగా ప్లాన్ రాసేటప్పుడు ఉద్యోగం, భాష, ఇల్లు, ఆరోగ్యం అని వరుస పెడతారు. ఈ ఇంటికి నేను ఆవిడ అడుగు బయట పెట్టడాన్ని మొదటి లక్ష్యంగా రాశాను. మిగతావన్నీ దాని వెనక.

బూట్లు, పార్కా పాత బట్టల షాపులో దొరికాయి. బూట్లు కొనేటప్పుడు ఆవిడ కాలికి సరిగ్గా పట్టేవి తీశారు. ఒక సైజు పెద్దవి తీసుకోమన్నాను. మందపాటి సాక్సుతో బూటు బిగుతైతే రక్తం ఆడదు, వేళ్లు ఇంకా త్వరగా చల్లబడతాయి. లోపల కాటన్ వద్దని చెప్పాను. కాటన్ చెమట పీల్చుకుని తడిగానే ఉంటుంది, ఆ తడే చలి. ఒంటికి ఆనుకుని పాలిస్టర్‌దో ఉన్నిదో ఒక పొర, మీద ఫ్లీస్, ఆ పైన గాలి చొరబడని జాకెట్. చేతికి వేళ్ల గ్లవ్స్ కన్నా నాలుగు వేళ్లూ కలిసుండే మిట్టెన్స్ వెచ్చన. ఊళ్లో అమ్మమ్మ ఇచ్చిన మంకీ క్యాప్ ఉంటే సిగ్గుపడకుండా పెట్టుకోవచ్చు, చెవులు కాపాడుతుంది.

చలి లెక్క కూడా నేర్పాను. ఇది ప్రతి కొత్త కుటుంబానికీ నేర్పాలి. వాతావరణ యాప్‌లో ఉష్ణోగ్రతతో పాటు విండ్‌చిల్, అంటే గాలి వల్ల ఒంటికి తెలిసే చలి, చూడాలి. విండ్‌చిల్ మైనస్ 28 దాటితే కప్పుకోని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టవచ్చు. మైనస్ 40 దాటితే 5 నుంచి 10 నిమిషాలు చాలు. చెంప మీదో ముక్కు కొన మీదో తెల్లబడి స్పర్శ తెలియకపోతే లోపలికి వచ్చేయాలి, రుద్దకూడదు. మనవాళ్లు మోసపోయేది ఎండ చూసి. విన్నిపెగ్‌లో బాగా చలిగా ఉండే రోజులే చాలాసార్లు తళతళలాడే ఎండ రోజులు. ఆకాశంలో మబ్బు లేకపోతే రాత్రి నేల వేడంతా పైకి పోతుంది. మన ఊళ్లో ఎండ కాస్తే వేడి. ఇక్కడ జనవరిలో కిటికీలోంచి ఎండ చూసి టోపీ లేకుండా బయటికి వెళ్తే చెవులు దెబ్బతింటాయి.

తర్వాత బస్సు. బాబుని తీసుకుని, ఆవిడా నేనూ కలిసి ఎక్కాం. కార్డు తాకించడం, తాడు లాగి స్టాపు అడగడం, ఫోన్లో బస్సు ఎన్ని నిమిషాల్లో వస్తుందో చూసి అప్పుడు మాత్రమే ఇంట్లోంచి బయల్దేరడం. ఈ చివరిదే అన్నిటికంటే ముఖ్యం. మైనస్ 30లో స్టాపు దగ్గర ఇరవై నిమిషాలు నిలబడిన తల్లి మళ్లీ బస్సెక్కదు. తర్వాతి వారం ఆవిడ ముందు నడిచారు, నేను వెనక కూర్చున్నాను. ఆ పై వారం ఆవిడ ఒక్కరే బాబుతో వచ్చారు. మా ఆఫీసులో కూర్చుని చేతులు వేడి చేసుకుంటూ, "డ్రైవర్ గుడ్ మార్నింగ్ అన్నాడక్కా, నేనూ అన్నాను" అన్నారు.

ఇంగ్లీషు పరీక్ష రాయించాను. ఆవిడకు చదవడం, రాయడం బాగా వచ్చని తేలింది, మాట్లాడడం మాత్రం రెండు లెవెల్స్ కింద ఉంది. తెలుగు మీడియంలో చదివి తర్వాత ఫార్మసీ ఇంగ్లీషులో పాసైన వాళ్లలో ఇది చాలా మామూలు. పర్మనెంట్ రెసిడెంట్లకు లింక్ క్లాసులు, అంటే కొత్తవాళ్లకు ప్రభుత్వ ఖర్చుతో ఇంగ్లీషు నేర్పేవి, ఉచితం. కొన్నిచోట్ల క్లాసు జరిగే భవనంలోనే పిల్లల్ని చూసుకునే ఏర్పాటు కూడా ఉంటుంది. అలాంటి చోటే వెతికాను, ఇంటికి కాస్త దూరమైనా. డేకేర్లో రోజుకి 10 డాలర్లే అయినా వెయిటింగ్ లిస్టు పొడవు. బాబు పేరు అక్కడ రాయించి, ఈలోగా క్లాసు దగ్గరి పిల్లల గదిలో చేర్చాం. మార్చి నుంచి వారానికి నాలుగు రోజులు తల్లీ కొడుకులిద్దరూ బయటికి వెళ్లడం మొదలైంది.

డబ్బు లెక్కలు

మనవాళ్లు కౌన్సిలర్‌కి అన్నీ చెబుతారు, అప్పు ఒక్కటి చెప్పరు. నెల నెలా ఇంటి ఖర్చు రాసుకుందామని కూర్చుంటే జమా ఖర్చూ కలవలేదు. ఎక్కడో 265 డాలర్లు పోతున్నాయి. అడగ్గా అడగ్గా చెప్పారు: టిక్కెట్లకీ, ఏజెంటు ఫీజుకీ, మొదటి నెలల సామాన్లకీ ఊళ్లో ఎనిమిది లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. నెలకు 16 వేలు వడ్డీకే. ఏడాదికి 1,92,000. అసలు అలాగే ఉంటుంది. ఆయన నైట్ షిఫ్టు వదిలి చదువు వైపో మంచి ఉద్యోగం వైపో చూడలేకపోవడానికి కారణం ఇదే. ఆవిడకు బూట్లు కొనకపోవడానికీ ఇదే.

ఇక్కడ నాకు నిజంగా బాధ కలిగించింది ఇంకోటి. పిల్లలున్న కుటుంబాలకు ప్రభుత్వం నెలనెలా ఇచ్చే కెనడా చైల్డ్ బెనిఫిట్‌కి వాళ్లు అప్లై చేయలేదు. ప్రభుత్వ డబ్బు తీసుకుంటే తర్వాత సిటిజన్‌షిప్ రాదని ఎవరో చెప్పారట. ఇది పచ్చి అబద్ధం. ఈ పుకారు వల్ల మన కుటుంబాలు వేల డాలర్లు పోగొట్టుకుంటున్నాయి. చైల్డ్ బెనిఫిట్ పిల్లల పెంపకం కోసం ఇచ్చేది, సిటిజన్‌షిప్‌తో దానికి పేచీ లేదు.

2024 జూలై నుంచి 2025 జూన్ వరకు లెక్క ఇది. ఆరేళ్లలోపు బిడ్డకు ఏడాదికి గరిష్ఠంగా 7,787 డాలర్లు, ఆరు నుంచి పదిహేడేళ్ల వరకు 6,570. కుటుంబ ఆదాయం 36,502 డాలర్లు దాటాక తగ్గుతూ వస్తుంది. చూసేది అంతకుముందు ఏడాది ఆదాయం, ఇండియాలో సంపాదించినదైనా సరే. 2023లో ఆయన జీతం 11 లక్షలు, కెనడా డాలర్లలో దాదాపు 18 వేలు. అంటే పూర్తి మొత్తం వస్తుంది. ఇద్దరు పిల్లలకు కలిపి నెలకు దాదాపు 1,196 డాలర్లు. వాళ్ల ఇంటి అద్దె కన్నా ఎక్కువ.

ఆర్‌సీ66 అనే ఫారం, దానితో పాటు కొత్తగా వచ్చినవాళ్లు నింపే షెడ్యూలు, కెనడాలో దిగినప్పటి కాగితాలు, పిల్లల పుట్టిన తేదీల రుజువులు జతచేసి పంపాం. తల్లీ తండ్రీ కలిసే ఉంటే ఈ డబ్బు మామూలుగా తల్లి పేరునే వస్తుంది. అందుకని ముందు ఆవిడ పేరున విడిగా ఒక ఖాతా తెరిపించాను. "జాయింటు ఉందిగా, ఇంకోటెందుకండీ" అని ఆయన అడిగారు. ఆవిడ పేరున ఇక్కడ బ్యాంకులో చరిత్ర మొదలవ్వాలి, రేపు ఆవిడ చదువుకి అప్పు కావాలన్నా కార్డు కావాలన్నా అదే ఆధారం అని చెప్పాను. ఒప్పుకున్నారు. వేసవిలోపే డబ్బు వచ్చింది, అర్హత మొదలైన నెల నుంచి పాత బాకీతో సహా.

ఊరి అప్పు సంగతి ఆవిడే తేల్చారు. తన బంగారం రాజమండ్రిలో తల్లి దగ్గర ఉంది. దాన్ని బ్యాంకులో పెట్టి 75 పైసల వడ్డీకి లోను తీసి, రెండు రూపాయల అప్పులో ఐదు లక్షలు తీర్చేయమని తమ్ముడికి ఫోన్ చేశారు. ఈ సలహా నేనివ్వలేదు, ఇవ్వకూడదు కూడా. ఆడవాళ్ల బంగారం మీద బయటివాళ్లు సలహాలివ్వడం నాకు నచ్చదు. వడ్డీ లెక్క మాత్రం ఇద్దరికీ కాగితం మీద వేసి చూపించాను. నెలకు ఆరు వేలకు పైగా మిగిలింది.

ఇంటి అడ్వాన్సు ముచ్చట కూడా ఇక్కడే. హైదరాబాద్ అలవాటు ప్రకారం రెండు నెలల అద్దె అడ్వాన్సు అడిగితే ఇచ్చేశారు. మానిటోబాలో సెక్యూరిటీ డిపాజిట్ మొదటి నెల అద్దెలో సగానికి మించకూడదు. మనవాళ్లేగా అని రసీదు అడగలేదు, కానీ ఆన్‌లైన్లో పంపిన రుజువు ఉంది. అద్దె వ్యవహారాలు చూసే ప్రభుత్వ విభాగం, రెసిడెన్షియల్ టెనెన్సీస్ బ్రాంచ్ నిబంధన చూపించి మర్యాదగా ఒక ఉత్తరం రాయించాను. ఎక్కువ తీసుకున్నది తర్వాతి అద్దెల్లో తగ్గించారు. ఎవరూ ఎవరితోనూ గొడవపడలేదు.

పాప

పాప సంగతి చిన్నదే అయినా చెప్పాలి. లంచ్ బాక్సు రోజూ నిండుగా తిరిగొచ్చేది. తినడానికి ఇచ్చే టైము ఇరవై నిమిషాలు, స్పూన్‌తో పప్పన్నం దాని వల్ల కాదు, చేత్తో తింటే పక్కపిల్ల చూసిందట. స్కూల్ టీచరుతో మాట్లాడాను. కానీ తేల్చింది పాప తల్లే. దోసెను చుట్టి లోపల బంగాళాదుంప కూర పెట్టి కోసి పంపారు. చూసిన పిల్ల ఒక ముక్క అడిగింది.

ఇంకోటి స్నో ప్యాంట్స్. స్కూల్ వాళ్లు విండ్‌చిల్ బాగా పడిపోతే తప్ప రిసెస్‌కి, అంటే ఆటల విరామానికి, పిల్లల్ని బయటికే పంపుతారు. పాప జీన్స్‌తో మంచులో ఆడి, తడిసి, మధ్యాహ్నమంతా వణుకుతూ క్లాసులో కూర్చునేది. టీచరు రాసిన చీటీ బ్యాగు అడుగున ఉంది, ఎవరూ చదవలేదు. ఇంగ్లీషు చదవడం వచ్చిన తల్లి ఇంట్లో ఉండగా చీటీ చదవలేదంటే ఆవిడ ఎంత లోపలికి ముడుచుకుపోయారో అర్థం చేసుకోండి. మార్చి తర్వాత ప్రతి చీటీకీ ఆవిడ జవాబు రాసి పంపారు.

ఆయన ఉద్యోగం

క్లుప్తంగా. ప్రొఫెషనల్ ఇంజినీరు లైసెన్సుకి సమయం పడుతుంది. విదేశీ ఇంజినీర్ల కోసం యూనివర్సిటీ ఆఫ్ మానిటోబాలో ఐఈఈక్యూ అనే ప్రోగ్రాం ఉంది, ఆయన దాని గురించి ఆలోచిస్తున్నారు. లైసెన్సు లేకుండా చేయగల పనులు కూడా ఉన్నాయి: ఎస్టిమేటింగ్, సైట్ కోఆర్డినేషన్. రెజ్యూమెలోంచి ఫొటో, పుట్టిన తేదీ, తండ్రి పేరు తీసేయించి, ఏ సైట్లో ఎన్ని అంతస్తులు, ఎంత కాంక్రీటు, ఎంతమంది కూలీలు అని రాయించాం. జూలైలో ఒక కాంట్రాక్టరు దగ్గర ఎస్టిమేటర్‌కి సహాయకుడిగా చేరారు, పగటి పని. వడ్డీ భారం తగ్గడం వల్లే నైట్ షిఫ్టు జీతం వదిలి ఇంటర్వ్యూలకు తిరగగలిగారు. ఆవిడ క్లాసులో పరిచయమైన ఒక ఫిలిప్పీన్స్ ఆవిడ భర్త ద్వారానే ఈ ఖాళీ సంగతి తెలిసింది.

ఇప్పుడు

2025 జూన్ 29న విన్నిపెగ్ బస్సు వ్యవస్థ మొత్తం మారిపోయింది. నంబర్లు, రూట్లు మారాయి, చాలా స్టాపులు కూడా. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు కూడా ఆ వారం తికమకపడ్డారు. నాకు ఆవిడ గురించే టెన్షన్ పట్టుకుంది, కష్టపడి నేర్చుకున్న దారి పోయిందే అని. ఫోన్ చేస్తే, "చూసేశానక్కా, ఒక బస్సు మారాలి అంతే. మా క్లాసులో ఇద్దరికి నేనే చెప్పాను" అన్నారు. కేసు ఫైల్లో ఆ రోజు నేను రాసిన నోటులో, కొత్త రూటు తనంతట తాను కనుక్కున్నారు, ఇతరులకు నేర్పారు అని ఉంటుంది. నా లెక్కలో ఆ ఇల్లు కుదురుకుందనడానికి అది ఆయన ఉద్యోగం కన్నా గట్టి సాక్ష్యం.

మిగిలిన పనులు చాలానే ఉన్నాయి. ఊళ్లో మూడు లక్షల అప్పు ఇంకా రెండు రూపాయల వడ్డీ మీదే నడుస్తోంది. బేస్‌మెంట్ నుంచి కాస్త వెలుతురున్న అపార్ట్‌మెంట్‌కి మారాలని వెతుకుతున్నారు. ఆవిడ ఫార్మసిస్టు లైసెన్సుకి మొదటి మెట్టుగా డిగ్రీ కాగితాలు పంపించారు, కాలేజీ నుంచి ట్రాన్స్‌క్రిప్టులు రావాల్సి ఉంది. ఆ తర్వాత పరీక్షలుంటాయి. ఈలోగా ఫార్మసీ అసిస్టెంట్‌గా పార్ట్ టైమ్ వెతుకుతున్నారు, దానికి లైసెన్సు అక్కర్లేదు. డాక్టరు దగ్గరికి వెళ్లడం ఆపలేదు. రెండో చలికాలం వస్తోంది కాబట్టి పగళ్లు చిన్నవయ్యే అక్టోబరు నుంచే ఆవిడ నిద్రా తిండీ ఎలా ఉన్నాయో గమనించి చెప్పమని ఆయనకు ప్రత్యేకంగా చెప్పాను.

ఆయన తన తల్లిని సూపర్ వీసా (తల్లిదండ్రులు ఎక్కువకాలం ఉండడానికి ఇచ్చే వీసా) మీద పిలిపించుకోవాలనుకుంటున్నారు. దానికి కనీసం లక్ష డాలర్ల కవరేజీ ఉన్న మెడికల్ ఇన్సూరెన్సు కావాలి, ఆదాయం కూడా చూపించాలి. చలికాలంలో కాకుండా మే నెలలో వచ్చేటట్టు చూసుకోమన్నాను. ఆవిడ వెంటనే ఒక కాగితం తీసుకుని అత్తగారికి కావలసిన బట్టల జాబితా రాయడం మొదలుపెట్టారు, బూట్ల సైజు పైన రాసుకున్నారు.